రెండు కార్బన్ ముక్కల పని

మారుతి 800లో ఛార్జింగ్ పోయిందంటే ఇప్పుడు చాలాచోట్ల వినపడే జవాబు ఒకటే: ఆల్టర్నేటర్ మార్చేద్దాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. ఇప్పటికీ సామాన్లు దొరుకుతాయి, మార్చడం తేలిక. విజయవాడ ఆటోనగర్‌లో పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ల దారి వేరు. ఆల్టర్నేటర్‌ను డైనమో అనే పిలిచే ఈ మేస్త్రీలు దాన్ని విప్పి, చెడినదాన్ని మాత్రమే తీస్తారు. బాగున్నదాని జోలికి పోరు. నాకు ముచ్చటేసేది ఆ పోకపోవడమే.

పని స్పానర్‌తో మొదలవదు. "ఒరేయ్, కీ ఆన్ చెయ్, స్టార్ట్ చెయ్యకు" అంటాడు మేస్త్రీ కుర్రాడితో. చూపు డాష్‌బోర్డులోని ఎర్రటి బ్యాటరీ లైటు మీద. ఈ తరం కార్లలో ఆ లైటు ఉన్నది హెచ్చరించడానికే కాదు. కీ తిప్పగానే కాస్తంత కరెంటు ఆ బల్బు గుండానే లోపలి రోటర్ కాయిల్‌కు చేరి దాన్ని అయస్కాంతం చేస్తుంది. ఇంజను అందుకుని ఆల్టర్నేటర్ సొంతంగా కరెంటు పుట్టించడం మొదలెట్టగానే బల్బుకు రెండు వైపులా ఓల్టేజీ సమానమై లైటు ఆరిపోతుంది. కాబట్టి కీ ఆన్ చేసినా లైటు రాలేదంటే బల్బన్నా పోయుండాలి, రోటర్ షాఫ్టు మీది రింగులకు ఆనుకుని కరెంటు అందించే కార్బన్లన్నా అరిగి వాటికి అందకుండా ఉండాలి. బండి నడుస్తుండగా మసగ్గా వెలుగుతోందంటే అనుమానం డయోడ్ల మీదికి పోతుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గర ఆనిస్తాడు. పట్టి లాగిందా, రోటర్‌కు కరెంటు అందుతోంది. లాగలేదా, దారి ఎక్కడో తెగింది. మీటరు బయటికొచ్చేది అప్పుడే. ఇంజను ఆపి చూస్తే బ్యాటరీ 12.6 ఓల్టుల దగ్గర, నడుపుతూ చూస్తే 14కు అటూఇటూ ఉండాలి. బెల్టు, ఫ్యూజు, వైర్లు, టెర్మినల్స్‌కు పట్టిన చిలుము అన్నీ చూశాకే బోల్టు మీద చెయ్యి పడుతుంది.

ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే ఛార్జింగ్ ఉన్నట్టే అనే పరీక్ష ఒకటి ఇంకా చాలామందికి అలవాటు. అసలు డైనమోల రోజుల్లో చెల్లిందేమో గానీ, ఆల్టర్నేటర్ విషయంలో అది బాగున్న డయోడ్లను చేతులారా కాల్చుకోవడమే. ఒక్కసారిగా ఎగిసిన ఓల్టేజీని అవి తట్టుకోలేవు.

విప్పాక ముందు వాసన చూస్తాడు. వార్నిష్ మాడిన కంపు లేదంటే స్టేటర్ చుట్ల మీద ఆశ ఉన్నట్టే. రోటర్ షాఫ్టు మీది రెండు రాగి రింగుల మధ్య మీటరు మూడు నాలుగు ఓంలు చూపాలి, రింగుకూ షాఫ్టుకూ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. డయోడ్లన్నీ ఒకవైపే దారివ్వాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే మిగిలేవి కార్బన్లు. పాత డైనమోలో తయారైన కరెంటంతా కార్బన్ల మీదుగానే బయటికి రావాలి. ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టేది కదలని స్టేటర్‌లో. కార్బన్లు రోటర్‌కు అందించేది మూడు నాలుగు ఆంపియర్లే. అందుకే ఏళ్ల తరబడి నడుస్తాయి, అరిగినప్పుడు ఎవరికీ గుర్తుకు రావు.

అసలు పనితనం ఇక్కడుంది. కొత్త కార్బన్ వెనకనుంచి వచ్చే జడలాంటి సన్నటి రాగి తీగను హోల్డర్‌కు టంకం పెట్టాలి. టంకం కరిగి తీగ వెంట పైకి పాకిందంటే తీగ బిరుసెక్కుతుంది. స్ప్రింగు ఎంత నెట్టినా కార్బన్ కదలదు, కొద్ది రోజులకే బండి మళ్లీ షెడ్డుకొస్తుంది. అందుకని మేస్త్రీ తీగను నోస్ ప్లయర్‌తో టంకం పెట్టే చోటుకు కాస్త ఎగువన పట్టుకుంటాడు. పైకి పోయే వేడిని ప్లయర్ లాగేసుకుంటుంది. టంకం కడ్డీ ఆనించి తీయడం రెండు మూడు సెకన్ల పని. వేలితో కార్బన్‌ను లోపలికి నొక్కి వదులుతాడు. అది చటుక్కున బయటికి రావాలి. కొంచెం బద్ధకించినా టంకం కరిగించి మళ్లీ పెడతాడు. నల్లబడ్డ రింగులను సన్నటి ఎమెరీతో, షాఫ్టును తిప్పుతూ చుట్టూ సమానంగా రుద్దుతాడు. ఒకేచోట రుద్దితే పల్లం పడి కార్బన్ ఎగిరెగిరి పడుతుంది.

బిగింపులో ఒక చిక్కుంది. స్ప్రింగులు కార్బన్లను ముందుకు నెడుతుంటే వాటి కిందికి రింగులు ఎలా దూరతాయి? ఇలాంటి చాలా ఆల్టర్నేటర్లకు వెనక బాడీలో సన్నటి రంధ్రం ఉంటుంది. కార్బన్లను లోపలికి నొక్కి ఆ రంధ్రంలోంచి తీగ గుచ్చితే అవి అక్కడే ఆగుతాయి. రెండు సగాలూ కలిపి బోల్టులు బిగించాక తీగ లాగేస్తాడు. లోపల "టిక్"మని రెండూ రింగుల మీద వాలిన చప్పుడు చెవికి అందాలి. అందలేదంటే మళ్లీ విప్పుడే.

బండికెక్కించాక బెల్టును బొటనవేలితో నొక్కి చూస్తాడు. ఒక సెంటీమీటరు దిగితే చాలు. ఇంకా బిగిస్తే బేరింగులు అరుస్తాయి. ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్లు, వైపరు, బ్లోయరు అన్నీ వేయించి మీటరు చూస్తాడు. కాస్త తగ్గినా 13 పైన నిలబడాలి. బెల్టు కొత్తదైతే సాగుతుంది కనక వారం తర్వాత ఓసారి తెచ్చి చూపించమంటాడు. ఆ బిగింపుకు డబ్బులడగడు.