రెండు తీగల మీద స్వరాలు

మాడ్యులర్ సింథసైజర్‌కు రాస్‌ప్‌బెర్రీ పై కలపాలనుకునేవాళ్లు ముందు యూఎస్‌బీ, మిడి అంటారు. నాకు మాత్రం ఐటూసీ అంటేనే మక్కువ. ఒకటి డేటా తీగ, ఒకటి క్లాక్ తీగ, తోడుగా గ్రౌండ్. వాటి మీదే అన్ని పరికరాలూ. ఒక్కోదానికి ఒక చిరునామా.

ఫిలిప్స్ సంస్థ దీన్ని 1982లో రూపొందించింది, ఒకే బోర్డు మీద పక్కపక్కనే ఉన్న చిప్పుల కోసం. 2015లో వచ్చిన మోనోమ్ వారి టెలిటైప్ లాంటి మాడ్యూళ్లు దాన్ని బోర్డు దాటించి కేబుళ్ల మీదికి తెచ్చాయి.

నన్ను కట్టిపడేసేది ఇందులోని మర్యాద. ఏ చిప్పూ తీగను పైకి నెట్టదు. కిందికి లాగుతుంది, లేదా వదిలేస్తుంది. వదిలిన తీగను పైకి తెచ్చేది పుల్అప్ రెసిస్టర్. తాను వదిలినా తీగ కిందే ఉందంటే ఇంకెవరో మాట్లాడుతున్నారని గ్రహించి తప్పుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెట్టినా ఏదీ కాలిపోదు, మాట చెడదు. ఇంత పొదుపుగా ఇంత సఖ్యత కుదిర్చిన ఆలోచన ఎలక్ట్రానిక్స్‌లో అరుదు.

చిక్కంతా ఆ రెసిస్టర్ దగ్గరే. రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు మీద 1.8 కిలో ఓమ్‌లవి ముందే ఉంటాయి, 3.3 వోల్టులకు కట్టి. మామూలు వేగాల్లో చిప్పు లాగగలదని ప్రమాణం హామీ ఇచ్చే కరెంటు 3 మిల్లీఆంపియర్లు. అందులో సగానికి పైగా ఈ ఒక్క రెసిస్టరే తీసుకుంటుంది. ప్రతి మాడ్యూలూ తన రెసిస్టర్‌ను తెచ్చుకుంటే తీగ పూర్తిగా కిందికి దిగదు. అటువైపు పొడవాటి రిబ్బన్ కేబుల్ కెపాసిటెన్స్ పెంచుతుంది. 400 పికోఫారడ్లు దాటితే లెక్క తప్పుతుంది. కేబుల్ కురచ చేయండి, వేగం 400 నుంచి 100 కిలోహెర్ట్జ్‌కు తగ్గించండి.

ఇంత శ్రమకు ఫలం చక్కగా ఉంటుంది. అంకెలను వోల్టేజ్‌గా మార్చే ఎంసీపీ4728 అనే చిప్పును ఈ తీగల మీద పెట్టి, దాని లోపలి రిఫరెన్స్‌ను రెట్టింపు గెయిన్‌తో వాడితే 4.096 వోల్టులు 4096 మెట్లుగా వస్తాయి. మెట్టుకు 1 మిల్లీవోల్ట్. యూరోర్యాక్ అనే మాడ్యులర్ పద్ధతిలో ఆక్టేవ్‌కు 1 వోల్ట్ కాబట్టి ఒక స్వరస్థానానికి సుమారు 83 మెట్లు. నాలుగు అవుట్‌పుట్లు, నాలుగు గొంతులు.

అయితే 4.096 వోల్టులు రావాలంటే ఆ చిప్పుకు 5 వోల్టుల సరఫరా కావాలి. రాస్‌ప్‌బెర్రీ పై పిన్నులు 3.3కు మించి ఓర్చుకోవు. మధ్యలో లెవల్ షిఫ్టర్ తప్పనిసరి. మొదటిసారి కలిపేవాళ్లకు నా మాట ఒక్కటే: రాస్‌ప్‌బెర్రీ పై తీసి పక్కన పెట్టి, ర్యాక్ ఒక్కటే ఆన్ చేసి, డేటా, క్లాక్ తీగల మీద మల్టీమీటర్ పెట్టండి. 3.3కు మించి చూపిస్తే షిఫ్టర్ లేకుండా కలపకండి.