పులినెక్కిన ప్రియ: ఒక కామిక్‌ను బొమ్మల వైపు నుంచి చదవడం

కామిక్ పుస్తకాన్ని విమర్శించమంటే చాలామంది కథ చెప్పి ఊరుకుంటారు. బాణీ వదిలేసి పాటను అప్పజెప్పినట్టు ఉంటుంది అది. ఈ భాగంలో మీరు ‘ప్రియాస్ శక్తి’ అనే కామిక్‌ను బొమ్మల వైపు నుంచి చదువుతారు.

2012 డిసెంబరులో ఢిల్లీలో నడుస్తున్న బస్సులో ఒక విద్యార్థినిపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తరువాతి నిరసనల్లో పాల్గొన్న సినీ నిర్మాత రామ్ దేవినేని అక్కడి పోలీసు అధికారి ఒకరిని పలకరించారు. మంచి ఆడపిల్ల రాత్రివేళ ఒంటరిగా తిరగదని ఆ అధికారి జవాబిచ్చారు. చిక్కు చట్టంలోనే లేదనీ, జనం ఆలోచనలోనే ఉందనీ దేవినేనికి ఆ మాటతో తోచింది. 2014 డిసెంబరులో కామిక్ వెలువడింది. బొమ్మలు వేసినవారు డాన్ గోల్డ్‌మన్.

ప్రియ పల్లెటూరి పిల్ల. టీచరు కావాలని ఆశ. తండ్రి బడి మాన్పిస్తాడు. పెద్దయ్యాక ఆమె అత్యాచారానికి గురైతే, ఇంటివాళ్లే తప్పంతా ఆమెదంటారు. ఆమె అడవి పాలవుతుంది. పార్వతి మొర వింటుంది. శివుడు మనుషులకు ఇక సంతానం ఉండదని శపిస్తాడు. చివరకు ప్రియ తన వెంటపడిన పులికి ఎదురు నిలిచి, దాన్నే వాహనంగా చేసుకుని ఊరికి తిరిగివస్తుంది. పులి పేరు సాహస్.

ఈ పులి దగ్గర కాస్త ఆగండి. అంతవరకు ప్రియను తరిమిన భయానికి అది రూపం. మాటల్లో చెబితే ఇది ఉపన్యాసమయ్యేది. బొమ్మలో మాత్రం, తరిమిన జంతువు మీదే ఆమె కూర్చుని వస్తోంది, అంతే. పాఠకుడికి వివరణ అక్కర్లేదు. పైగా ఆమెకు రెండే చేతులు, అవి కూడా ఆయుధాలు లేని చేతులు. ఊరికి వచ్చి ఆమె ఎవరినీ కొట్టదు, మాట్లాడుతుంది.

సూపర్ హీరోయిన్ల చరిత్ర తెలిస్తే ఇది ఎంత భిన్నమో అర్థమవుతుంది. 1941లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ సృష్టించిన వండర్ వుమన్‌కు హెచ్.జి. పీటర్ బొమ్మలు వేశారు. ఆమె బలశాలి, తెలివైనది. అయినా భుజాలూ తొడలూ కనబడే దుస్తుల్లోనే యుద్ధం చేయాలి. ఆ తరువాత వచ్చిన అనేక కామిక్‌లలో హీరోయిన్ పాఠకుడి చూపు కోసమే నిలబడినట్టు ఉంటుంది. మగవాడి చూపు గురించే కథ చెబుతున్న పుస్తకం అదే చూపుతో బొమ్మ గీస్తే కథంతా అబద్ధమవుతుంది. గోల్డ్‌మన్ ఆ పొరపాటు చేయలేదు. ప్రియ ఊళ్లో మనకు ఎదురయ్యే అమ్మాయిలాగే ఉంటుంది.

బొమ్మల వరుసతో కథ చెప్పడం మనకు కొత్త కాదు. మీరు లాల్‌గడి మలక్‌పేట్‌లోనో, శామీర్‌పేట చుట్టుపక్కలనో ఉంటే, అక్కడి రాజీవ్ రహదారి మీదుగానే సిద్దిపేట జిల్లాకు వెళ్తారు. ఆ జిల్లాలోని చేర్యాల నకాషీ పటాలకు పేరుపొందింది. పొడవాటి గుడ్డ మీద, ఎర్రని నేపథ్యంలో, అరలు అరలుగా కథ సాగుతుంది. కథకుడు పటాన్ని విప్పుతూ పాడతాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు అలాగే వినిపిస్తారు. పటం ఒంటరిగా మాట్లాడదు, పక్కన గొంతు ఉండాలి. ‘ప్రియాస్ శక్తి’ పేజీని ఫోను యాప్‌తో చూస్తే బొమ్మ కదిలి మాట్లాడేలా ఆగ్‌మెంటెడ్ రియాలిటీ జోడించారు. కొత్తదిగా ప్రచారమైన ఈ ఏర్పాటు వెనుక ఉన్న అవసరం పాతదే. అయితే యాప్ పక్కకు జరిగితే గొంతు పోతుంది. కూనపులివారికి ఆ ఇబ్బంది లేదు.

పటాల్లో ఎల్లమ్మ కథ కూడా ఉంది. కొడుకు చేతిలో తల తెగిన రేణుక మన ఊళ్లలో దేవతగా పూజలందుకుంటుంది. అన్యాయం జరిగిన స్త్రీని గుడిలో నిలబెట్టడం మనకు తెలుసు. ఇంట్లో మామూలు మనిషిగా ఉండనివ్వడమే కష్టం. ప్రియ దేవత కాకుండా మనిషిగానే మిగలడం నాకు ఈ కామిక్‌లో అన్నిటికంటే నచ్చిన విషయం.

అందుకే దేవతల ఘట్టం నాకు బరువనిపిస్తుంది. శివుని ఆగ్రహం, దేవతల యుద్ధం క్యాలెండర్ బొమ్మల ఆర్భాటంతో పేజీలు నింపేస్తాయి. అంతసేపూ ప్రియ కనబడదు. ఆ ఊరికి కులం లేదు, పొలం లేదు. అత్యాచారం తరువాత ఎవరి ఫిర్యాదు తీసుకుంటారో, ఎవరిది తీసుకోరో తేల్చడంలో కులం పాత్ర తెలిసిన పాఠకుడికి ఇది లోటే.

రెండో పుస్తకం ‘ప్రియాస్ మిర్రర్’ (2016) ఈ విషయంలో మెరుగు. రచనలో పారోమితా వోహ్రా పాలుపంచుకున్నారు. యాసిడ్ దాడికి గురైన స్త్రీలను అహంకార్ అనే రాక్షసుడు తన కోటలో ఉంచుకుంటాడు. బయటి లోకం చూపుకు వెరచి వాళ్లు అక్కడే ఉండిపోతారు. ప్రియ తెచ్చిన అద్దంలో వాళ్లు మచ్చలకు మించిన తమను చూసుకుంటారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగినప్పుడు, నిందితులు ముగ్గురు రోజుల వ్యవధిలోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది హర్షించారు. శిక్ష గురించి అంత మాట్లాడిన మనం, బతికి బయటపడిన అమ్మాయి రేపు బస్సెక్కితే ఆమె ముఖం వైపు ఎలా చూడాలో మాట్లాడుకోలేదు. ఈ కామిక్ బొమ్మలు ఆ పని చేస్తాయి. మచ్చలను దాచవు, భయపెట్టడానికీ వాడుకోవు. పేజీ తిప్పేలోగా ఆ ముఖాలను సూటిగా చూడక తప్పదు.

అభ్యాసం: మీ ఊరి అమ్మవారి గుడి గోడ మీద పులినో సింహాన్నో ఎక్కిన దేవత బొమ్మ ఉంటే, దాని ముందు పది నిమిషాలు నిలబడండి. ఆమె కళ్లు ఎటు చూస్తున్నాయి, చేతుల్లో ఏముంది, కాళ్ల కింద ఎవరున్నారు అన్నవి రాసుకోండి. ఆ తరువాత పులి మీద ప్రియ బొమ్మ చూసి, వీటిలో ఏవి మారాయో ఒక పేజీలో రాయండి.