తిరుగు ప్రయాణంలో 120 వోల్టులు

న్యూజెర్సీ తెలుగువాళ్లలో ఓక్ ట్రీ రోడ్డు తెలియనివాళ్లు తక్కువ. ఎడిసన్, ఐసెలిన్ల మీదుగా పోయే ఆ రోడ్డులో కందిపప్పు నుంచి పట్టుచీర దాకా అన్నీ దొరుకుతాయి. వాటితోపాటు 110 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లూ దొరుకుతాయి. బ్రాండు మన దేశానిదే, మోటారు మాత్రం అమెరికా కరెంటుకు తగ్గట్టు చుట్టినది. తమాషా ఏమిటంటే, ఆ 110 అంకె పుట్టిల్లు ఆ చుట్టుపక్కలే. థామస్ ఎడిసన్ 1876లో ప్రయోగశాల పెట్టి, 1879లో బల్బు వెలిగించి చూపించిన మెన్లో పార్క్ ఇప్పటి ఎడిసన్ టౌన్‌షిప్‌లో ఒక భాగం. 1954లో ఊరు ఆయన పేరు పెట్టుకుంది. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ నుంచి ఆయన కంపెనీ ఇచ్చిన కరెంటు సుమారు 110 వోల్టుల డీసీ. అప్పటి కార్బన్ బల్బులకు వంద వోల్టులు సరిపోతాయి, తీగల్లో పోయే నష్టానికి ఇంకాస్త కలుపుకున్నారు. తర్వాత ఏసీ వచ్చింది, 110 మెల్లగా 120 అయింది, అంతకుమించి పైకి పోలేదు. యూరప్ రాగి ఆదా చేసుకోవడానికి 220 వైపు వెళ్లింది. మనం బ్రిటిష్‌వాళ్ల వెంట నడిచి 230 దగ్గర ఆగాం.

ఆ చరిత్ర భారమంతా ఇప్పుడు మన సూట్‌కేసుల మీద పడింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చే ముందు ఫోన్లో అడిగే మొదటి ప్రశ్న ప్లగ్గు పడుతుందా అని. నిజానికి అమెరికాకు వచ్చే సామానుతో భయం తక్కువ. 230 వోల్టుల వస్తువును 120లో పెడితే అది అలుగుతుంది, అంతే. నీళ్లు కాచుకునే రాడ్డు ఇక్కడ నాలుగో వంతు వేడి మాత్రమే ఇస్తుంది, మిక్సీ మూలుగుతూ తిరుగుతుంది. (మోటారును అలా మూలగనిచ్చి గంటల తరబడి నడిపితే అదీ వేడెక్కుతుందనుకోండి.) అసలు ప్రమాదం ఇక్కడి వస్తువు అక్కడికి వెళ్లినప్పుడు. 120 కోసం చేసిన హీటరుకు 230 ఇస్తే వేడి రెండింతలు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. వోల్టేజి పెరిగితే కరెంటూ దాంతోపాటు పెరుగుతుంది, రెండూ గుణించుకుంటాయి. అందుకే ఎవరైనా ఇండియాకు పెట్టెలు సర్దుతుంటే నేను పిలవకపోయినా వెళ్లి ఒక్కో అడాప్టరూ వెనక్కి తిప్పి చూస్తాను.

చూడాల్సింది కిందనున్న చీమతలకాయంత అక్షరాలు. 'ఇన్‌పుట్' అన్నచోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక చింత లేదు. ల్యాప్‌టాప్, ఫోను, చాలా మానిటర్ల అడాప్టర్లు ఇలాంటివే. లోపలికి వచ్చిన ఏసీని ముందు డీసీ చేసుకుని, ఆ తర్వాత తమకు కావలసినట్టు ముక్కలు చేసుకుంటాయి కాబట్టి 50కీ 60కీ తేడా పట్టించుకోవు. ఉత్త 120 అని ఉంటే మాత్రం ఆ వస్తువు ఇక్కడే ఉండిపోవడం మంచిది. పాత డెస్క్‌టాప్‌ల వెనక 115, 230 అని ఎర్ర మీట ఒకటి ఉండేది. 115 దగ్గర ఉంటే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజిని రెట్టింపు చేసుకుంటుంది. మీట అక్కడే వదిలేసి విజయవాడలోనో వరంగల్‌లోనో ప్లగ్గు పెడితే 230నీ రెట్టింపు చేయబోయి ఢామ్మంటుంది.

ప్లగ్గు సంగతికొస్తే, నాకు ఈ మార్పిడి ముక్కలంటే నమ్మకం లేదు. ల్యాప్‌టాప్ అడాప్టరు నుంచి గోడకు పోయే వైరు ఊడి వస్తుంది. అడాప్టరు వైపు మూడు గుంటల ఆకారం ప్రపంచమంతటా ఒకటే, గోడ వైపే దేశానికో తీరు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు మూడు పిన్నుల వైరు కొనుక్కుంటే సరి, ఎర్త్ కూడా దక్కుతుంది. చవక మార్పిడి ముక్కల్లో చాలావాటికి ఎర్త్ ఉండదు. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టు జిమ్మంటుందే, అది దాని ఫలితమే. అడాప్టరులోని చిన్న కెపాసిటర్ల గుండా కారే కరెంటు అది. చాలా తక్కువే, కానీ పోవడానికి ఎర్త్ లేక మన వేలిని వెతుక్కుంటుంది. 230లో ఇంకాస్త గట్టిగా తెలుస్తుంది.

అందరూ మరిచిపోయేది ఎక్స్‌టెన్షన్ బాక్స్. ఇండియా బాక్స్‌ను ఇక్కడికి తెచ్చుకుంటే పెద్ద ముప్పు లేదు. కాకపోతే ఆరు ఆంపియర్ల బాక్సు అక్కడ 1,380 వాట్లు మోస్తే ఇక్కడ 720తోనే సరి, ఎందుకంటే వైరు వేడెక్కేది ఆంపియర్ల వల్ల. ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ పెట్టుకోండి, హీటరు వద్దు. ఇక్కడ కొన్న సర్జ్ ప్రొటెక్టరును మాత్రం ఇండియాకు మోసుకుపోకండి. దాని లోపల వేరిస్టర్ అనే బిళ్ల ఉంటుంది. మామూలుగా కరెంటును పోనివ్వదు, వోల్టేజి హద్దు దాటితే ఒక్కసారిగా దారి ఇచ్చి ఆ పోటును తన మీద వేసుకుంటుంది. అమెరికా బాక్సుల్లో ఆ హద్దు 120కి సరిపడా పెడతారు. మన 230 శిఖరం 325 వోల్టులు. ఇక్కడ పిడుగు పడితే వచ్చే పోటు అక్కడ రోజంతా ఉన్నట్టు దానికి తోస్తుంది. ఆ బిళ్ల వేడెక్కి పగిలిపోతుంది, అదృష్టం బాగోకపోతే అంటుకుంటుంది. దానికి తగిలించిన ల్యాప్‌టాప్ ఏ వోల్టేజీకైనా పనికొచ్చేదే కావచ్చు, కాలేది బాక్సే. ప్లగ్గు మార్చుకుని బాగానే పెట్టాం కదా అని ఇంట్లోవాళ్లు అయోమయంలో పడతారు.

కన్వర్టర్లని అమ్మే తేలికపాటి డబ్బాలు కూడా అనుమానించదగినవే. పదహారు వందల వాట్లని రాసి ఉన్నా, అరచేతిలో పట్టేదైతే అది హెయిర్ డ్రయ్యరు లాంటి వేడి వస్తువులకే. కరెంటు తరంగాన్ని కోసి ఇస్తుంది, ఎలక్ట్రానిక్ సామానుకు పనికిరాదు. నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము, రాగిలతో బరువుగా ఉంటుంది. మిక్సీకి తగినది కొంటే మిక్సీ కన్నా అదే బరువు, విమానంలో దానికే సగం కిలోలు పోతాయి.

ఇక లేజర్ ప్రింటరు. ఇంక్‌జెట్‌లలో రెండు కరెంట్లకూ పనిచేసేవి చాలా ఉంటాయి, లేబుల్ చూసి తీసుకెళ్లవచ్చు. లేజర్ ప్రింటర్లో కాగితం మీద పొడిని కరిగించి అంటించే హీటరు ఉంటుంది. దాన్ని చాలావరకు ఒకే వోల్టేజీకి చేస్తారు. తమ్ముడికి పనికొస్తుందని నురుగు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి పంపేకన్నా ఇక్కడే కొత్తగా వచ్చిన విద్యార్థులెవరికైనా ఇచ్చేసి, తమ్ముడికి హైదరాబాద్‌లోనే ఒకటి కొనిపెట్టండి. వారంటీ కూడా అక్కడే ఉంటుంది.