జర్మన్ నుడికారం: అర్థమూ, అదనూ

పరభాష నేర్చేవారికి శ్రమపడితే వ్యాకరణం లొంగుతుంది; పదాలకు నిఘంటువు తోడుపడుతుంది. చివరిదాకా లొంగనిది నుడికారం. జర్మన్ నేర్చుకొనే తెలుగు విద్యార్థికి ఈ చిక్కు ఎటువంటిదో తెలియడానికి 'ఇన్స్ గ్రాస్ బైసెన్' అనే ఒక్క జాతీయం చాలును. మాటకు మాట చెబితే గడ్డిని కరవడం, భావం చనిపోవడం. తెలుగులోనూ గడ్డి ఉన్నది, కరవడమూ ఉన్నది. కాని పాత తెలుగులో పూరి కరచినవాడు శత్రువును శరణు వేడి ప్రాణం దక్కించుకొన్నవాడు. నేటి వాడుకలో గడ్డి తిన్నవాడు చేయరాని పని చేసినవాడు. మట్టి కరచినవాడు ఓడినవాడే గాని, చచ్చినవాడు కానక్కరలేదు. జర్మన్ గడ్డికి తెలుగు గడ్డి సాటిరాదు.

పాఠ్యపుస్తకాలు సామాన్యంగా ఈ జాతీయానికి ఎదురుగా 'చనిపోవు' అని వ్రాసి ఊరుకొంటాయి. అది అబద్ధం కాదు. కాని ప్రమాదకరమైన నిజం. ఆ పలుకులో మొరటుదనం ఉన్నది, కొంత ఎగతాళి ఉన్నది. తండ్రిని పోగొట్టుకొన్న మిత్రునికి వ్రాసే సంతాపలేఖలో దానిని వాడిన విద్యార్థి పరీక్షలో మాత్రం నూటికి నూరు మార్కులు తెచ్చుకొని ఉండవచ్చును! అనువాదకునికీ ఇదే గండం. 'నేలకొరిగాడు' అని తెనిగిస్తే, జర్మన్ రచయిత పెదవి విరిచినచోట తెలుగు పూలమాల వేసినట్లవుతుంది.

'హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్' అనేది దీనికి విపర్యయం. మెడా కాలూ విరగాలని దాని అక్షరార్థం. పరీక్షకో నాటకప్రదర్శనకో బయలుదేరినవారికి చెప్పే శుభాకాంక్ష అది. అమంగళమని తెలుగువారు ఉలిక్కిపడతారు. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టే ఆచారాన్ని గుర్తుచేస్తే ఆ ఉలికిపాటు తగ్గుతుంది. ఇక్కడ పోల్చదగినది మాట కాదు, మాట వెనుకనున్న మనసు.

జాతీయాల బోధనకు పీటర్ క్యూన్ 1992లో మూడు మెట్లు సూచించాడు: పాఠంలో జాతీయాన్ని గుర్తించడం, అర్థం విప్పుకోవడం, తాను వాడడం. 1997లో హైన్‌త్స్ హెల్ముట్ ల్యూగర్, వాడుకకు ముందు దానిని మనసులో నిలుపుకొనే మెట్టు ఒకటి చేర్చాడు. క్రమం యుక్తమైనదే. అయితే ఆఖరి మెట్టు మీద తొందర తగదు. వినగానే పోల్చుకోవలసినవి వందలు. నోట పలుకదగినవి కొద్ది. నోరు తెరిస్తే జాతీయం దొర్లించే పరదేశి మాట, పండుగనాడు నగలన్నీ ఒక్కసారే దిగేసుకొన్నట్లుంటుంది.

బైబిలును జర్మన్ చేసిన లూథర్ 1530లో అనువాదాన్ని గూర్చి వ్రాసిన లేఖలో, ఇంట తల్లినీ, వీధిలో బిడ్డలనూ, అంగడిలో సామాన్యునీ అడిగి తెలుసుకొమ్మన్నాడు. ఆ తల్లి, ఆ అంగడి లేని తరగతిగదిలో ఉపాధ్యాయుడు ఏమి చేయాలి? జాబితా కట్టిపెట్టి, సన్నివేశాన్ని కల్పించాలి. ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారో చూపాలి.

మధ్యాహ్నవేళ కచేరీ నడవలో ఎదురుపడిన జర్మన్ సహోద్యోగి 'మాల్‌త్సైట్' అంటాడు. భోజనవేళ అని దాని అర్థం. అక్కడ అది కేవలం పలకరింపు. బదులు కూడా ఆ మాటే. ఇంకా తినలేదండీ అని వివరించబోయే తెలుగు విద్యార్థికి నిఘంటువు చూపనక్కరలేదు. తన ఊరిలో 'భోజనమయిందా?' అని అడిగి, జవాబుకు ఆగకుండా సాగిపోయే పెద్దమనిషిని గుర్తుచేస్తే చాలును.