సంతలో పెరిగిన సాహిత్యం: ఒనిచా నుంచి కానో దాకా

నైజీరియా సాహిత్యమనగానే తెలుగు పాఠకులకు ముందుగా స్ఫురించేది చినువా అచెబె రాయగా 1958లో లండన్‌లో అచ్చయి, తెలుగులోకి ‘చెదిరిన సమాజం’ పేరుతో వచ్చిన నవల, ఆపైన 1986లో నోబెల్ బహుమతి అందుకున్న వోలే షోయింకా నాటకాలు. ఆ గౌరవం వారికి దక్కవలసిందే. అయితే ఆ దేశంలో అచ్చుపుస్తకం సామాన్యుల చేతికి చేరిన తోవ వేరు. పుస్తకాల దుకాణం మెట్లెక్కని గుమాస్తాలు, బడిపిల్లలు, చిల్లర వర్తకులు, గడప దాటే వీలులేని ఇల్లాళ్లు చదువరులుగా మారడంలో సంతల్లో అమ్మిన పలచని పుస్తకాల పాత్ర చాలా పెద్దది. కాలక్షేపపు సరుకని విమర్శకులు ఏళ్ల తరబడి పక్కన పెట్టిన ఆ రచనలకు తమవైన శిల్పం ఉంది, దాన్ని గుర్తించకుండా ఆఫ్రికా సాహిత్యాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

నైజర్ నది తూర్పు గట్టున, ఇగ్బో ప్రజల ప్రాంతంలో ఉన్న ఒనిచా పశ్చిమాఫ్రికాలోని అతి పెద్ద సంతల్లో ఒకదానికి నెలవు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాడిన అచ్చుయంత్రాలు స్థానిక వ్యాపారుల చేతికి రావడం, మిషనరీ బళ్లలో కొద్దిపాటి ఇంగ్లీషు నేర్చిన కుర్రకారు పనులు వెతుక్కుంటూ పట్నం చేరడం, 1957లో తూర్పు ప్రాంత ప్రభుత్వం అందరికీ ప్రాథమిక విద్య పథకాన్ని ఆరంభించడం వంటి పరిణామాలు ఒకదానికొకటి తోడై, 1940ల చివరలో మొదలైన చిరుపుస్తకాల వ్యాపారాన్ని ఇరవై ఏళ్లపాటు నిలబెట్టాయి. బ్రిటిష్ సైన్యం తరఫున భారత్, బర్మాలలో పనిచేసిన నైజీరియా సైనికులు మన దేశపు బజారు పుస్తకాలను వెంట తీసుకుపోయారనీ, ఒనిచా రచయితలకు దొరికిన నమూనాలలో అవీ ఉన్నాయనీ పరిశోధకులు చెబుతారు.

వీటి శిల్పం ఎలాంటిదో ఒగాలి ఎ. ఒగాలి 1956లో వెలువరించిన ‘వెరోనికా మై డాటర్’ అనే నాటిక చూస్తే తెలుస్తుంది. కథ కొత్తదేమీ కాదు: చదువుకున్న వెరోనికా తనకు నచ్చిన మైకేల్‌ను పెళ్లాడతానంటుంది, తండ్రి చీఫ్ జాంబో మాత్రం డబ్బున్న ముసలి పెద్దమనిషికే ఇస్తానంటాడు. ఒగాలి నేర్పంతా భాషలో ఉంది. తండ్రి మాట్లాడేది పిజిన్, అంటే ఇంగ్లీషు మాటలను స్థానిక భాషల నడకలో పొదిగి రేవుల్లోనూ సంతల్లోనూ జనం తయారు చేసుకున్న వాడుకభాష. యువజంట మాట్లాడేది బడి నేర్పిన శుభ్రమైన ఇంగ్లీషు. వీరి నడుమకు బాంబర్ బిల్లీ అనే పాత్ర వచ్చి, నిఘంటువు తిరగేసి ఏరుకొచ్చినట్లున్న భారీ పదాలతో ఎదుటివారిని హడలగొడతాడు. ఎవరు ఏ తరానికి చెందినవారో, ఎవరి మాటకు ఎంత బరువుందో రచయిత వర్ణించి చెప్పడు, వారి నోటి భాషే చెబుతుంది. అప్పుడప్పుడే ఇంగ్లీషు కూడబలుక్కుంటున్న పాఠకుడు జాంబోను చూసీ బిల్లీని చూసీ నవ్వుకుంటూ, ఆ నవ్వులోనే ఏది తగిన భాషో ఏది డాంబికమో తేల్చుకోవడం నేర్చుకుంటాడు. సమాజం మారుతున్న వేగాన్ని సంభాషణలోనే పట్టుకున్న ఈ నేర్పు ఏ పెద్ద రచయితకూ తీసిపోయేది కాదు.

ప్రేమకథలతోపాటు ప్రేమలేఖలు రాయడం నేర్పే పుస్తకాలు, డబ్బు జాగ్రత్తలు చెప్పే పుస్తకాలు కూడా ఒనిచాలో విరివిగా వచ్చాయి. కాంగో నాయకుడు పట్రీస్ లుముంబా 1961లో హత్యకు గురైతే ఆ వార్త కూడా నాటికగా మారి సంతకు చేరింది. రచయితలలో చాలామంది బడిపంతుళ్లు, విద్యార్థులు, చిరుద్యోగులు. ఓకెన్వా ఒలిసా అయితే తనను ‘కలం వీరుడు’గా ప్రకటించుకున్నాడు. ప్రచురణకర్తలు కొద్దిపాటి సొమ్ముకు హక్కులు కొనేసేవారు కనుక వీరికి మిగిలింది తక్కువ. తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోవడంతో 1967లో మొదలైన అంతర్యుద్ధంలో ఒనిచా సంత ధ్వంసమయ్యాక ఈ సాహిత్యం మళ్లీ ఆ స్థాయిలో కోలుకోలేదు.

ఒనిచా పుస్తకాలకూ ‘గంభీర’ సాహిత్యానికీ మధ్య గోడ ఉందనుకోవడం పొరపాటు. నైజీరియా నవలాకారుడు సిప్రియన్ ఎక్వెన్సీ తొలి రచనల్లో ఒకటి ఒనిచా చిరుపుస్తకమే. 1962లో హైన్‌మన్ సంస్థ అచెబె సంపాదక సలహాదారుగా ‘ఆఫ్రికన్ రైటర్స్ సిరీస్’ అనే చౌక ప్రతుల గ్రంథమాలను ప్రారంభించినప్పుడు అందులో రెండో పుస్తకం ఎక్వెన్సీ నవలే.

ఒనిచా మూగబోయిన కొన్నేళ్లకు, 1980లలో, ఉత్తరాన ముస్లింలు అధికంగా ఉన్న కానో నగరంలో మరో వెల్లువ వచ్చింది. ఈసారి భాష ఇంగ్లీషు కాదు, లాటిన్ లిపిలో రాసే హౌసా. ‘లిట్టట్టఫన్ సోయయ్య’, అంటే ప్రేమ పుస్తకాలు, అని వీటికి పేరు. రాసేవారిలో స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండటం, చాలామంది సొంత ఖర్చుతో అచ్చు వేయించుకోవడం ఇక్కడి విశేషాలు. ఒకే కథను రెండు మూడు భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్నీ చిక్కుముడి దగ్గర ఆపడం మన వారపత్రికల సీరియల్ పాఠకులకు బాగా తెలిసిన పద్ధతే. ‘కుల్లె’ అనే ఘోషా కట్టుబాటులో ఉన్న ఇళ్లలోకి పుస్తకాలు చేతులు మారుతూ చేరేవి, చదవడం వచ్చిన ఒకామె పైకి చదివితే మిగతావారు వినేవారు, కొన్ని రేడియోలోనూ వినిపించాయి. చెవితో వినేవారు కూడా పాఠకులే కనుక ఈ రచనలలో వర్ణన తక్కువ, సంభాషణ ఎక్కువ. కానోలో హిందీ సినిమాలకున్న ఆదరణ, ప్రేమకూ పెద్దల మాటకూ మధ్య వాటిలో సాగే సంఘర్షణ ఈ కథల మీద వేసిన ముద్రను మానవశాస్త్రవేత్త బ్రయన్ లార్కిన్ 1997లో ఒక వ్యాసంలో వివరంగా చర్చించాడు.

ఈ రచయిత్రులలో అగ్రగణ్యురాలు బలరబ రమత్ యాకుబు. చిన్న వయసులోనే పెళ్లయి, ఆ తర్వాత వయోజన విద్య ద్వారా చదువుకున్న ఈమె, పాపం చేసినవాడిని అది వెంటాడక మానదనే అర్థమిచ్చే హౌసా సామెతను పేరుగా పెట్టి 1990లో రాసిన నవలలో, భర్త మరో స్త్రీని పెళ్లాడి తొమ్మిదిమంది పిల్లలతో సహా బయటికి గెంటేసిన రబి అనే ఇల్లాలు వంట చేసి అమ్ముకుని సంసారాన్ని నిలబెట్టిన తీరును చిత్రించారు. ఇది ప్రేమ పుస్తకాల వరసలో అమ్ముడుపోయినా ఇందులో ప్రేమ కంటే బహుభార్యాత్వం, విడాకులు, ఆడదాని చేతిలోని రూకల లెక్కే ఎక్కువ. ఉపన్యాసం ఒక్కటీ లేకుండా, ఇంటి ఖర్చూ తిండి లెక్కా చెబుతూనే భర్త అధికారాన్ని ప్రశ్నించిన రచన ఇది. అలియు కమల్ చేసిన దీని ఇంగ్లీషు అనువాదాన్ని 2012లో ప్రచురించింది చెన్నైలోని బ్లాఫ్ట్ సంస్థ కావడం దక్షిణ భారత పాఠకులు గర్వించదగిన విషయం.

ఇలాంటి పుస్తకాలు యువతను చెడగొడుతున్నాయన్న నింద మొదటి నుంచీ ఉంది. 2007లో కానోలో అధికారుల సమక్షంలోనే వీటిని బహిరంగంగా తగలబెట్టారు కూడా. పుస్తకం జనం జీవితాలను తాకనప్పుడు దాన్ని తగలబెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు. వీటిలో తొందరపాటు వాక్యాలు, అచ్చుతప్పులు, అరిగిపోయిన మలుపులు లేకపోలేదు, అయినా మొదటిసారి పుస్తకం పట్టినవారికి తమ పెళ్లి, తమ కూలి, తమ భాష అచ్చులో కనిపించేలా చేసిన ఘనత వీటిదే.

తెలుగువారు అచెబెనూ, కెన్యా రచయిత గూగీనీ అనువదించుకుని ఆదరించారు. ఇక మిగిలినది ఆ పక్కనున్న సంతలోకి కూడా తొంగిచూడటం. ఒనిచా చిరుపుస్తకాలలో కొన్నింటిని అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయం డిజిటల్ రూపంలో అందుబాటులో ఉంచింది, యాకుబు నవల చెన్నైలోనే అచ్చయింది. మన అనువాదకులు వీటిపై దృష్టి పెట్టాలి.