అతిథి చదవని ఆనవాళ్లు

ఇంటికి పిలిచిన మనిషే ముప్పు తలపెట్టే కథలో పాఠకుడి పని రెండింతలవుతుంది. ఆతిథ్యమిచ్చేవారి మాటలు ఒక కథ చెబుతుంటాయి, ఆ ఇంట్లోని వస్తువులు ఇంకో కథ చెబుతుంటాయి. మొదటిది అతిథి చెవిన పడుతుంది, రెండోది పాఠకుడు పట్టుకోవాలి. ఇంగ్లీషు పాఠాల్లో ఈ తరహాకు తరచూ ఉదాహరణగా తీసుకునే కథ రోఆల్డ్ డాల్ రాసిన ‘ద ల్యాండ్‌లేడీ’. 1959 నవంబరులో ‘ద న్యూయార్కర్’లో అచ్చయింది. 1960లో ‘కిస్ కిస్’ సంపుటిలో చేరింది, అదే ఏడాది ఎడ్గార్ అవార్డు అందుకుంది.

అందులో జరిగేది చాలా తక్కువ. పదిహేడేళ్ల బిల్లీ వీవర్ కొత్త ఉద్యోగం పని మీద లండన్ నుంచి బాత్ పట్టణానికి రాత్రి తొమ్మిదింటికి చేరుకుంటాడు. చవగ్గా దొరికే గది కోసం నడుస్తుంటే ఒక కిటికీలో బోర్డు కనిపిస్తుంది. లోపల నిప్పుగూడు ముందు కుక్కపిల్ల పడుకుని ఉంటుంది, పంజరంలో చిలుక ఉంటుంది. బెల్లు నొక్కీ నొక్కగానే ఇంటావిడ తలుపు తీస్తుంది. అద్దె అనుకున్నదానికన్నా బాగా తక్కువ. పక్క అప్పటికే సర్ది ఉంటుంది. రిజిస్టర్‌లో పేరు రాయడం, ఒక కప్పు టీ, కాసిని కబుర్లు, అంతటితో కథ ఆగిపోతుంది. హత్య కనబడదు, విషం అన్న మాట వినబడదు.

హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో ఉండే పాఠకుడికి బిల్లీ కొత్తవాడు కాదు. గ్రూప్స్ కోసమో బ్యాంకు పరీక్షల కోసమో జిల్లాల నుంచి వచ్చి, చేతిలో సంచితో టు-లెట్ బోర్డులు చదువుకుంటూ నారాయణగూడ దాకా నడిచేవాళ్లది దాదాపు ఆ వయసే, ఆ తొందరే. అద్దె తక్కువంటే ఎందుకు తక్కువని అడగాలనిపించదు. ఇక్కడి ఓనర్ల వల్ల ప్రాణభయమేమీ లేదు, మహా అయితే అడ్వాన్సు తిరిగివ్వడానికి నాలుగుసార్లు తిప్పుతారు. కానీ అవసరంలో ఉన్న మనిషి తన అనుమానానికి తానే ఎలా సర్దిచెప్పుకుంటాడో ఈ గదులు వెతికేవాళ్లకు తెలిసినంత బాగా ఇంకొకరికి తెలియదు. డాల్ కథ నడిచేది సరిగ్గా ఆ బలహీనత మీదే.

డాల్ పనితనమంతా ఆనవాళ్లను అలంకారాల్లా పేర్చడంలో ఉంది. కుక్కపిల్లనూ చిలుకనూ కిటికీలోంచి చూసినప్పుడు అవి ఇంటి హాయికి గుర్తులు. అదే కుక్కను చివర్లో ముట్టుకుంటే చల్లగా, గట్టిగా తగులుతుంది. చనిపోయిన పెంపుడు జంతువులన్నిటినీ లోపల కూరి నిలబెట్టేది తానేనని ఆవిడ మురిపెంగా చెబుతుంది. హాల్లో ఇంకెవరి టోపీలూ కోట్లూ లేకపోవడాన్ని బిల్లీ పట్టించుకోడు. రిజిస్టర్‌లో ఉన్నవి రెండే పేర్లు, రెండూ రెండేళ్లు దాటినవి. వాటిని ఎక్కడో పేపర్లో చదివినట్టు అతనికి లీలగా గుర్తొస్తుంటుంది. సరిగ్గా గుర్తొచ్చే వేళకు ఆవిడ మాట మారుస్తుంది. ఆ ఇద్దరూ ఇంకా పై అంతస్తులోనే ఉన్నారంటుంది, అయినా వాళ్ల గురించి గతంలో ఉన్నవాళ్లలా మాట్లాడుతుంది. వాళ్లలో ఒకతని ఒంటి మీద మచ్చన్నది లేదని ఆమెకు ఎలా తెలిసింది? టీలో చేదు బాదం రుచి ఎందుకుంది? ఈ ప్రశ్నలు కథ అడగదు. సయనైడుకు చేదు బాదం వాసన ఉంటుందన్న సంగతి పాఠకుడు బయటి నుంచి తెచ్చుకోవాలి.

తెలుగువాడికి ఈ చదువు భారతంలోని వారణావతం నుంచే మొదలైంది. పాండవులను కాల్చి చంపడానికి లక్క, నెయ్యి, గుగ్గిలం కలిపి పురోచనుడు కట్టించిన ఇంట్లో అడుగుపెట్టగానే ధర్మరాజు ఆ వాసన పసిగడతాడు. అంతకుముందే విదురుడు గూఢంగా చేసిన హెచ్చరిక అతనికి అర్థమై ఉంది. భీముడు వెళ్లిపోదామంటాడు. ధర్మరాజు మాత్రం తెలియనట్టు నటిస్తూ అక్కడే ఉండి, సొరంగం తవ్విస్తాడు. వాసన తగిలినా అర్థం చేసుకోలేని అతిథి బిల్లీ, అర్థం చేసుకుని మౌనంగా ఉన్న అతిథి ధర్మరాజు. మొదటి కథలో పాఠకుడికి అతిథికన్నా ఎక్కువ తెలుసు. రెండోదాంట్లో ఇద్దరికీ సమానంగా తెలుసు, తెలియనిది పురోచనుడికే.

భారతం అక్కడితో ఊరుకోదు. పాండవులే ఆ ఇల్లు తగలబెట్టిన రాత్రి కుంతి అన్నదానం చేసింది. తిని, తాగి అక్కడే నిద్రపోయిన నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు మంటల్లో పోయారు. దొరికిన ఆ ఆరు దేహాలు కుంతీపాండవులవేనని లోకం నమ్మింది. ఆ ఒక్క రాత్రికి ప్రమాదకరమైన ఆతిథ్యం ఎవరిది? పిల్లలకు చెప్పేటప్పుడు ఈ భాగాన్ని చాలామంది దాటేస్తారు. నిజానికి క్లాసులో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

అరణ్యపర్వంలోని ఇల్వలుడి పద్ధతి వేరు. తమ్ముడు వాతాపిని పొట్టేలుగా మార్చి, వండి, అతిథులకు వడ్డించి, పేరు పెట్టి పిలుస్తాడు. అతిథుల పొట్ట చీల్చుకుని తమ్ముడు బయటికొస్తాడు. ఇక్కడ రహస్యం ముందే బయటపెట్టారు, ఉత్కంఠ అంతా అగస్త్యుడు ఏం చేస్తాడన్నదాని మీదే. పాలు పట్టి ‘జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం’ అంటూ బిడ్డ పొట్ట నిమిరే అమ్మమ్మలకు ఆ ముగింపు కంఠతా వచ్చు.

ప్రశ్నలడిగే పద్ధతికి బేతాళ కథలే మంచి పాఠం. 1947లో మొదలైన ‘చందమామ’ పత్రిక వాటిని ఇంటింటికీ చేర్చింది. ప్రతి కథ చివరా శవంలోని బేతాళుడు తనను మోసుకెళ్లే రాజుకు ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రాజు ఇచ్చే జవాబు ఒక పేరుతో ముగియదు, ఎందుకో చెబుతుంది, ఆ కారణం కథలో జరిగినదానిలోంచే రావాలి. ఆ కథలన్నిటినీ కలిపే పెద్దకథలో శవాన్ని తెమ్మని పంపిన భిక్షువు కూడా రాజును బలి ఇవ్వడానికి పిలిచిన ఆతిథేయుడే. ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పిన రాజుకు ఆ సంగతి చివరికి బేతాళుడే చెప్పాల్సి వస్తుంది.

ఇప్పటి పరీక్షల్లో ఇదే పని ‘అవగాహన – ప్రతిస్పందన’గా, అపరిచిత గద్యంగా, ఇంగ్లీషు పేపర్లో కాంప్రహెన్షన్‌గా కనిపిస్తుంది. ముందు ప్రశ్నలు చూసి, తర్వాత పేరాలో ఆ మాటలు వెతుక్కోవడం కోచింగుల్లో మామూలు చిట్కా. జనాభా లెక్కల మీదో సాగునీటి ప్రాజెక్టు మీదో ఉన్న పేరాకు అది సరిపోతుంది. ‘ద ల్యాండ్‌లేడీ’ ముందు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అక్కడ జవాబు ఏ వాక్యంలోనూ రాసి ఉండదు. టోపీలు లేని హాలుకూ రిజిస్టర్‌లోని తేదీలకూ మధ్య, ఆ తేదీలకూ టీ రుచికీ మధ్య పాఠకుడు వేసుకునే లంకెలో ఉంటుంది. అందుకే ఇలాంటి కథను రెండుసార్లు చదవాలి. మొదటిసారి బిల్లీతో పాటు, రెండోసారి ఇంటావిడను గమనిస్తూ.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటి నుంచి రాత్రి దాకా గైడ్లతో కూర్చునేవాళ్లకు కథ చదవడం టైమ్ వేస్ట్ అనిపించవచ్చు. అది పొరపాటు లెక్క. రాయనిదాన్ని రాసినదాంట్లోంచి రాబట్టే అలవాటు గైడు వల్ల రాదు. పేపరు తయారుచేసేవారు కూడా ‘బిల్లీ వయసెంత?’ లాంటి ప్రశ్నలు మానుకుంటే మేలు. ‘నీకు మొదటి అనుమానం ఏ వాక్యం దగ్గర వచ్చింది, ఎందుకు?’ అని అడిగి, జవాబుకు కాకుండా చూపించిన ఆధారానికి మార్కులు వేయాలి.