వినబడిందా, వినబడలేదా?

అపొస్తలుల కార్యములు ఎప్పుడు చదివినా దమస్కు దారి దగ్గర ఆగిపోతాను. 9వ అధ్యాయంలో సౌలు వెంట ఉన్నవాళ్లు స్వరం విని, మాట రాక నిలబడిపోయారు. 22లో వెలుగు చూశారు గానీ స్వరం వినలేదు. 26కి వచ్చేసరికి అందరూ నేలమీద పడ్డారు. మత్తయికీ యోహానుకీ తేడా వస్తే ఇద్దరు మనుషులు కదా అనుకోవచ్చు. ఇక్కడ మూడూ ఒకే పుస్తకంలో, ఒకే చేతి రాత.

దీన్ని సర్దడానికి గ్రీకు వ్యాకరణం తెస్తారు. విభక్తి మారింది కాబట్టి శబ్దం విన్నారు, అర్థం కాలేదు అని. ఇంగ్లిష్ ఎన్‌ఐవీ ఆ వివరణని ఏకంగా అనువాదంలోకే ఎక్కించేసింది. మన పాత తెలుగు బైబిలు ఆ పని చేయలేదు. అక్కడ విన్నారు, ఇక్కడ వినలేదు, అంతే. ఆ మొండితనం నాకిష్టం. అయినా నిలబడ్డవాళ్లు ఎలా పడ్డారో ఏ విభక్తి చెబుతుంది?

ఎవరికి చెబుతున్నాడో చూడాలి. 22లో పౌలు ఎదుట ఉన్నది తనని చంపబోయిన యెరూషలేము గుంపు. ఆ పిలుపు తనొక్కడికే వచ్చిందని వాళ్లకి తెలియాలి. 26లో సంకెళ్లతో అగ్రిప్ప రాజు ముందున్నాడు.

2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు మా మామ్మ పూండిలోనే ఉంది. నష్టం రాసుకోడానికి వచ్చినాయనకి కూలిన కొబ్బరిచెట్లు, జీడిచెట్లు లెక్కచెప్పింది. చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడు చెట్ల ఊసే లేదు, గాలి హోరులో ప్రార్థన చేశానంది. మాతో మాత్రం భయానికి చెవులు మూసుకున్నాను, ఏమీ వినబడలేదంది. ఏది నిజమని అడిగాను.

"ఏటిరా బావూ, ఆఫీసరు అడిగిందొకటి, పాస్టరుగారు అడిగిందొకటి. అన్నీ నాను పడ్డవే గదా."

లూకాని నేనిప్పుడు అలాగే చదువుతున్నాను. 'దైవావేశం' అన్నది తెలుగు బైబిల్లో మాటే. ఆవేశం ఎవరిదైనా నోరు మనిషిదే.

అయితే మామ్మ జవాబు అన్నిచోట్లా పనిచేయదు. జనసంఖ్య తీయమని దావీదుని ప్రేరేపించింది రెండవ సమూయేలు 24లో దేవుడి కోపం, మొదటి దినవృత్తాంతములు 21లో సాతాను. ఇది సాక్షుల తేడా కాదు. తర్వాత రాసినాయనకి ముందు రాసిన మాట మింగుడుపడలేదని నాకనిపిస్తుంది. సర్దకుండా రెంటినీ ఒకే అట్టల మధ్య ఉంచారు, అందుకే ఈ పుస్తకాన్ని ఇంకా నమ్ముతున్నాను. కానీ ఆ లెక్క తర్వాత వచ్చిన తెగులుకి డెబ్బై వేలమంది చచ్చిపోయారు. ప్రేరేపించింది ఎవరన్నది వాళ్లకి చిన్న తేడా కాదు.